ఎల్‌ఎన్‌ఎంఓ పెల్లెట్‌లో పైరో కరెంట్ పీక్ వచ్చింది. దీన్ని మల్టీఫెర్రోయిక్ అనొచ్చా?

లాంథనం_లత · జూలై 8, రాత్రి 11:42

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లోనే పీహెచ్‌డీ మూడో ఏడు చేస్తున్నాను, గచ్చిబౌలి వైపు. నా శాంపిల్ లాంథనం నికెల్ మాంగనీస్ ఆక్సైడ్ అనే డబుల్ పెరావ్‌స్కైట్. ఇకనుంచి ఎల్‌ఎన్‌ఎంఓ అని రాస్తాను. సిట్రేట్ సోల్‌జెల్ అనే ద్రావణ పద్ధతిలో పొడి చేసి, పెల్లెట్ (బిళ్ల) నొక్కి, 1200 డిగ్రీల దగ్గర కాల్చి గట్టిపరిచాను (సింటర్ చేశాను).

ఇప్పటిదాకా వచ్చినవి ఇవీ. స్ఫటిక నిర్మాణం చూపే ఎక్స్-రే పరీక్షలో (ఎక్స్‌ఆర్‌డీ) అదనపు పీకులు లేవు. 278 కెల్విన్ దగ్గర ఫెర్రోమాగ్నెటిక్ మార్పు కనిపించింది. 5 కెల్విన్‌లో 5 టెస్లా పెడితే ఫార్ములా యూనిట్‌కి 4.1 బోర్ మాగ్నెటాన్లు (అయస్కాంతత్వం కొలిచే ప్రమాణం) వచ్చాయి. డైఎలెక్ట్రిక్ కాన్‌స్టెంట్ (ఛార్జ్ నిల్వ చేసుకునే గుణానికి కొలత) గది ఉష్ణోగ్రతలో 1 కిలోహెర్ట్జ్ దగ్గర 3200, 50 కెల్విన్‌కి దిగేసరికి 20. 280 కెల్విన్ దగ్గర అయస్కాంత క్షేత్రం పెడితే కెపాసిటెన్స్ 4 శాతం మారుతోంది. లేజర్‌తో స్ఫటికంలోని కంపనాలు చూసే రామన్ పరీక్షలో 668 వేవ్‌నంబర్ల దగ్గరున్న మోడ్ (కంపనం) 280 కిందకి వెళ్లాక పైకి పోవాల్సింది పోయి కిందకి వంగింది.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. సెంటీమీటర్‌కి 4 కిలోవోల్టుల విద్యుత్ క్షేత్రం పెట్టి (పోలింగ్ చేసి) చల్లార్చి, మళ్లీ వేడి చేస్తూ వచ్చే కరెంట్ (పైరో కరెంట్) చూస్తే 196 కెల్విన్ దగ్గర చక్కని పీక్. ఫీల్డ్ దిశ తిప్పితే పీక్ కూడా తలకిందులైంది. గది ఉష్ణోగ్రతలో పీ-ఈ లూప్ (క్షేత్రంతో విద్యుత్ ధ్రువణం ఎలా మారుతుందో చూపే గీత) కూడా వచ్చింది, కాకపోతే కాస్త ఉబ్బెత్తుగా ఉంది. మా గైడ్ గారు వచ్చే వారానికల్లా డ్రాఫ్ట్ కావాలంటున్నారు, టైటిల్‌లో మల్టీఫెర్రోయిక్ అన్న మాట పెట్టమంటున్నారు. నాకేమో లోపల ఏదో పీకుతోంది. చూసి చెప్పండి.

రివ్యూయర్2 · జూలై 8, రాత్రి 11:58

పంపేయండి. మిగతాది నాలాంటివాడు చూసుకుంటాడు.

కూకట్‌పల్లి_కుర్రాడు · జూలై 9, ఉదయం 7:15

అక్కా, నేను బీటెక్ రెండో ఏడు. ఏమనుకోకండి, మల్టీఫెర్రోయిక్ అంటే ఏంటి? ఫెర్రో అంటే ఇనుము కదా, ఈ ఫార్ములాలో ఇనుమే లేదు.

తార్నాక_మాస్టారు · జూలై 9, ఉదయం 9:30

బాబూ, మంచి ప్రశ్నే. ఇనుము అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది కాబట్టి ఆ గుణానికి ఫెర్రోమాగ్నెటిజం అని పేరొచ్చింది. 1920 ప్రాంతంలో వాలసెక్ అనే ఆయన రోషెల్ సాల్ట్ అనే ఉప్పులో, విద్యుత్ ధ్రువణం అచ్చం అయస్కాంతంలాగే లూప్ తిరగడం చూశాడు. పోలిక కుదిరింది కాబట్టి ఇనుము ఊసే లేకపోయినా దానికి ఫెర్రోఎలక్ట్రిక్ అనే పేరు పడింది. ఈ రెండు గుణాలూ ఒకే స్ఫటికంలో కలిసుంటే మల్టీఫెర్రోయిక్. ఆ మాట 1994లో హాన్స్ ష్మిడ్ పెట్టాడు.

ఆలోచన మాత్రం చాలా పాతది. అయస్కాంత క్షేత్రంతో ధ్రువణం, విద్యుత్ క్షేత్రంతో అయస్కాంతత్వం పుట్టించొచ్చని పియరీ క్యూరీ 1894లోనే ఊహించాడు. 1959లో జ్యాలోషిన్‌స్కీ క్రోమియం ఆక్సైడ్‌లో ఇది ఉండాలని లెక్కగట్టాడు, మరుసటి ఏడాదే ఆస్ట్రోవ్ కొలిచి చూపించాడు. ఆ రోజుల్లోనే లెనిన్‌గ్రాడ్‌లో స్మోలెన్‌స్కీ బృందం సీసం, ఇనుము, నియోబియం కలిపిన పెరావ్‌స్కైట్ల మీద పడింది.

మన ఊరి మాట కూడా ఒకటి చెప్పనివ్వండి. ష్మిడ్ ఆ పేరు పెట్టిన 1994లోనే, ఉస్మానియా ఫిజిక్స్ నుంచి ఎస్.వి. సూర్యనారాయణ గారు బులెటిన్ ఆఫ్ మెటీరియల్స్ సైన్స్‌లో మ్యాగ్నెటోఎలక్ట్రిక్ పదార్థాల మీద సమీక్షా వ్యాసం రాశారు. ప్రపంచం 2003 తర్వాత ఈ విషయం మీద ఎగబడింది. తార్నాకలో అంతకు తొమ్మిదేళ్ల ముందే దీని గురించి మాట్లాడుకున్నారు. ముసలాడి గొప్పలు అనుకుంటే అనుకోండి.

లతమ్మా, నీ సంగతి సాయంత్రం తీరిగ్గా రాస్తాను. ఈలోపు ఒక్క ప్రశ్న. ఆ లూప్ చివరలు సూదిగా ఉన్నాయా, గుండ్రంగా ఉన్నాయా?

లాంథనం_లత · జూలై 9, ఉదయం 10:05

గుండ్రంగానే ఉన్నాయి మాస్టారూ. ఫీల్డ్ తగ్గడం మొదలయ్యాక కూడా ధ్రువణం ఇంకాస్త పెరిగి అప్పుడు దిగుతోంది.

న్యూట్రాన్_నాని · జూలై 9, ఉదయం 11:20

అయితే అది అరటిపండు లూప్.

తమాషాకి అనడం లేదు. 2008లో జేమ్స్ స్కాట్ అనే ఫెర్రోఎలక్ట్రిక్స్ దిగ్గజం నిజంగానే అరటి తొక్కకి సిల్వర్ పేస్ట్ పూసి, పీ-ఈ మెషీన్‌కి కలిపి, వచ్చిన లూప్‌ని జర్నల్‌లో అచ్చేయించాడు. మీరు చెప్తున్న ఆకారమే వచ్చింది, గుండ్రటి చివరలు, ఉబ్బిన నడుము. అరటి తొక్క ఫెర్రోఎలక్ట్రిక్ కాదు కదా. లీకేజీ కరెంట్ ఉన్న ఏ వస్తువైనా అలాంటి లూపే ఇస్తుంది. యంత్రం వచ్చిన కరెంటంతా కూడి ఛార్జ్ అని చూపిస్తుంది, అందులో ధ్రువణం ఎంత, కారిపోయింది ఎంత అని దానికేం తెలుసు? మీ పెల్లెట్ గది ఉష్ణోగ్రతలో సెమీకండక్టర్, కారడం ఖాయం. తెల్లనివన్నీ పాలు కావు. ఆ లూప్‌ని డ్రాఫ్ట్‌లోంచి ఇవాళే తీసేయండి.

దానికన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ఎల్‌ఎన్‌ఎంఓ గది ఉష్ణోగ్రత దగ్గర మోనోక్లినిక్, రాంబోహెడ్రల్ అనే రెండు రూపాల్లో, చాలాసార్లు రెండూ కలిసి ఉంటుంది. ఆ రెండింటికీ విలోమ కేంద్రం ఉంది. అంటే ఒక పరమాణువుకి ఎదురుగా కేంద్రానికి అవతల సరిగ్గా అలాంటిదే ఇంకోటి ఉంటుంది. అలాంటి స్ఫటికంలో నికర ధ్రువణం ఉండటానికి సిమెట్రీయే ఒప్పుకోదు. 196 దగ్గర స్ఫటికం ఆ సిమెట్రీ పోగొట్టుకుందని మీరు వేరేగా చూపించగలిగితే తప్ప, పైరో పీక్ ఒక్కటీ చాలదు.

వేడి_ఫర్నేస్ · జూలై 9, మధ్యాహ్నం 1:10

నేను బాలానగర్ దిక్కు సిరామిక్ ఫర్నేసుల పని చేస్తా. మీ ఫిజిక్స్ నాకు సగమే అర్థమైంది గానీ ఒక మాట అడుగుతా. లాంథనం ఆక్సైడ్ డబ్బా తెరిచి నేరుగా తూచినవా చెల్లె? ఇది జూలై నెల. ఆ పొడి గాలిలో తేమ తాగి హైడ్రాక్సైడ్ అయిపోతది. పూర్తిగా మారితే బరువు 16.6 శాతం పెరుగుతది. అంటే నువ్వు 100 గ్రాములు తూచినా అసలు ఆక్సైడ్ 86 గ్రాములకు తక్కువే. లాంథనం తక్కువబడితే నికెల్, మాంగనీస్ మిగిలిపోయి ఎక్కడో ఒక మూల నికెల్ ఆక్సైడ్ దాక్కుంటది. రెండు శాతం ఉంటే ఎక్స్‌ఆర్‌డీకి దొరకదు. ఒకసారి 1000 డిగ్రీల దగ్గర వేసి, వేడి తగ్గకముందే డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్రలో) పెట్టి తూచాలె.

పెల్లెట్ సాంద్రత ఎంతొచ్చింది? 80 శాతమే అయితే రంధ్రాల నిండా మన హైదరాబాద్ వర్షమే ఉంటది.

లాంథనం_లత · జూలై 9, మధ్యాహ్నం 1:35

అన్నా, డబ్బా మీద 99.99 అని ఉంది కదా అని నేరుగా తూచాను 🙈. సాంద్రత 84 శాతం.

వేడి_ఫర్నేస్ · జూలై 9, మధ్యాహ్నం 1:41

99.99 అన్నది మూత తీయకముందు మాట.

కూకట్‌పల్లి_కుర్రాడు · జూలై 9, మధ్యాహ్నం 2:20

పెరావ్‌స్కైట్ అంటే సోలార్ సెల్స్‌లో వాడేది కదా? డబుల్ అంటే రెండు పొరలా?

తార్నాక_మాస్టారు · జూలై 9, రాత్రి 8:45

భోజనం అయ్యింది, ఇక కూర్చున్నాను.

ముందు కుర్రాడికి. పెరావ్‌స్కైట్ అనేది ఒక్క పదార్థం పేరు కాదు, ఒక అమరిక పేరు. 1839లో గుస్తావ్ రోజ్ ఉరల్ పర్వతాల్లో దొరికిన కాల్షియం టైటనేట్ ఖనిజానికి, పెరోవ్‌స్కీ అనే రష్యన్ ప్రముఖుడి పేరు పెట్టాడు. ఘనం మూలల్లో పెద్ద పరమాణువు, దాన్ని ఏ అంటాం. నడిమధ్యలో చిన్న లోహపు పరమాణువు, అది బీ. బీ చుట్టూ ఆరు ఆక్సిజన్లు, ఆరు మొనల డబ్బాలాగా. డబుల్ పెరావ్‌స్కైట్‌లో రెండు రకాల బీలు ఉంటాయి, చదరంగం బల్ల మీద తెలుపు, నలుపు గళ్లలాగా మూడు దిక్కులా మార్చి మార్చి కూర్చుంటాయి. లత శాంపిల్‌లో తెల్లగడి నికెల్, నల్లగడి మాంగనీస్. పొరలు కావు.

ఇందులో అయస్కాంతత్వం ఎలా వస్తుందో చూడు. నికెల్‌కి ఎనిమిది డీ-ఎలక్ట్రాన్లు, మాంగనీస్‌కి మూడు. ఆక్సిజన్ వైపు చాచిన ఆర్బిటాళ్లు (ఎలక్ట్రాన్లు ఉండే గదులు) నికెల్‌లో సగం నిండి ఉన్నాయి, మాంగనీస్‌లో ఖాళీ. మధ్యలో ఆక్సిజన్ వంతెనలా ఉంది, మూడూ దాదాపు ఒకే సరళరేఖలో ఉన్నాయి. సగం నిండిన గదికీ ఖాళీ గదికీ ఇలా రాకపోకలుంటే రెండు స్పిన్లూ (ఎలక్ట్రాన్ల బుల్లి అయస్కాంతాలు) ఒకే దిక్కుకి తిరుగుతాయని గుడ్‌ఎనఫ్, కనమోరి 1950లలో చెప్పిన నియమం. అందుకే ఇది ఫెర్రోమాగ్నెట్, ఆక్సైడ్లలో ఇది కాస్త అరుదే. నికెల్‌కి 2, మాంగనీస్‌కి 3, మొత్తం 5 మాగ్నెటాన్లు రావాలి.

లతమ్మా, నీకు 4.1 వచ్చింది. ఏమైందంటే కొన్ని నికెళ్లు మాంగనీస్ గళ్లలో, కొన్ని మాంగనీసులు నికెల్ గళ్లలో కూర్చున్నాయి. నికెల్ పక్కన నికెల్, మాంగనీస్ పక్కన మాంగనీస్ పడితే స్పిన్లు ఎదురు తిరుగుతాయి. గడి తప్పిన భాగం ఎక్స్ అనుకుంటే 5ని (1 − 2ఎక్స్)తో గుణించాలి. 4.1 రావాలంటే ఎక్స్ 0.09. అంటే నీ బల్ల మీద ప్రతి 100 పావుల్లో 9 తప్పు గడిలో ఉన్నాయి. ఫర్నేస్ బాబు చెప్పిన మలినం ఉంటే ఈ లెక్క కూడా కొంచెం కదులుతుంది. ఏమైనా సోల్‌జెల్ పెల్లెట్‌కి ఇది చెడ్డ సంఖ్య కాదు. నీ పనిలో అయస్కాంత భాగం గట్టిది, దాని గురించి దిగులు పడకు.

న్యూట్రాన్_నాని · జూలై 9, రాత్రి 9:30

మాస్టారి లెక్కకి చిన్న కొసరు. ఈ గడి తప్పడాన్ని ఎక్స్-రేతో తేల్చడం కష్టం. మాంగనీస్ పరమాణు సంఖ్య 25, నికెల్‌ది 28, ఎక్స్-రే కంటికి రెండూ దాదాపు ఒకటే. న్యూట్రాన్‌కి అలా కాదు. నికెల్ స్కాటరింగ్ లెంగ్త్ (న్యూట్రాన్‌ని ఎంతగా చెదరగొడుతుందో చెప్పే కొలత) ప్లస్ 10.3 ఫెమ్టోమీటర్లు, మాంగనీస్‌ది మైనస్ 3.7. ఒకటి ప్లస్, ఇంకోటి మైనస్, ఇంతకన్నా తేడా ఏం కావాలి! ముంబైలో ట్రాంబే ధ్రువ రియాక్టర్ దగ్గర న్యూట్రాన్ డిఫ్రాక్షన్ ఉంది, యూనివర్సిటీ వాళ్లు ప్రపోజల్ పెట్టుకోవచ్చు. ఐదు గ్రాముల పొడి సిద్ధంగా పెట్టుకోండి. సిట్రేట్ బ్యాచులు గ్రాము గ్రాము చేసేవాళ్లు అక్కడికెళ్లాక ఏడుస్తారు, నేనూ ఏడ్చాను.

రివ్యూయర్2 · జూలై 9, రాత్రి 10:02

అందరూ ఇంత సీరియస్ అయిపోయారేంటి. ఇలాంటి పీకులతో మల్టీఫెర్రోయిక్ అని పేపర్లు కోకొల్లలు. ఫీల్డ్ తిప్పితే పీక్ కూడా తిరిగిందని ఆవిడే చెప్పారు. అది ఫెర్రోఎలక్ట్రిక్ లక్షణమే కదా?

న్యూట్రాన్_నాని · జూలై 9, రాత్రి 10:25

కాదు. చాలామంది జారిపడేది ఇక్కడే.

పోలింగ్ అంటే వేడిగా ఉన్నప్పుడు ఫీల్డ్ పెట్టి చల్లార్చడం. వేడిలో లోపాల దగ్గర వదులుగా ఉన్న ఛార్జీలు ఫీల్డ్ వెంట జరుగుతాయి. చల్లారాక కదలలేక ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి, చలికి గడ్డకట్టిన నెయ్యిలా. తిరిగి వేడి చేస్తే కరిగి వెనక్కి వస్తాయి. అదే మీకు పీక్‌లా కనిపిస్తుంది. ల్యాబుల్లో దీన్నే టీఎస్‌డీసీ (థర్మల్లీ స్టిములేటెడ్ డీపోలరైజేషన్ కరెంట్) అంటారు. ఫీల్డ్ ఇటు పెడితే ఛార్జీలు ఇటు జరిగాయి, అటు పెడితే అటు జరిగాయి, కాబట్టి పీక్ తలకిందులు కావడం ఇందులోనూ సహజమే. ఆ పరీక్షలో ఇద్దరూ పాసవుతారు, ఏం లాభం?

దొంగని పట్టించేది వేడి చేసే వేగం. నిజమైన ఫెర్రోఎలక్ట్రిక్ మార్పు ఒక ఉష్ణోగ్రతకి కట్టుబడి ఉంటుంది, నిమిషానికి 2 కెల్విన్లు వేడి చేసినా 10 చేసినా పీక్ అక్కడే ఉంటుంది. ఇరుక్కున్న ఛార్జీల పీక్ మాత్రం వేగం పెంచితే పైకి జరుగుతుంది. లత గారూ, 2, 5, 10 మూడు వేగాల్లోనూ తీయండి. పోలింగ్‌ని 300కి బదులు 250 దగ్గర మొదలుపెట్టి కూడా చూడండి, 196 కన్నా పైనే ఉంది కాబట్టి అసలు ఫెర్రోకి తేడా రాకూడదు. ఇంకో మంచి పరీక్ష ఉంది. 190 దాకా వేడి చేసి, ఆపి, మళ్లీ 170కి దించండి. నిజమైన పైరో కరెంట్ అయితే చల్లబరిచేటప్పుడు గుర్తు మారాలి. టీఎస్‌డీసీ అయితే అదే దిక్కులో కారుతూ తగ్గిపోతుంది తప్ప తిరగదు.

సర్క్యూట్_సుబ్బన్న · జూలై 9, రాత్రి 11:15

4 శాతం కెపాసిటెన్స్ మార్పు గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను అందుకుంటాను.

3200 ఎక్కడిది, 20 ఎక్కడిది? 50 కెల్విన్‌లో వచ్చిన 20 దాకా మీ స్ఫటికం సొంత విలువ. మిగతా మూడు వేల పైచిలుకు సిల్వర్ పేస్ట్ కింద, గ్రెయిన్ల (చిన్న స్ఫటిక రేణువుల) సరిహద్దుల్లో ఉన్న పల్చటి నిరోధక పొరలది. కారే ముద్ద పక్కన కారని పల్చటి పొర ఉంటే ఛార్జీలు ఆ గోడ దగ్గరే పోగుపడతాయి, మీటర్ దాన్ని పెద్ద కెపాసిటర్ అనుకుంటుంది. మాక్స్‌వెల్-వాగ్నర్ అంటే అంతే.

ఇప్పుడు అయస్కాంత క్షేత్రం పెట్టారు. 280 దగ్గర ఎల్‌ఎన్‌ఎంఓ రెసిస్టెన్స్ క్షేత్రంతో మారుతుంది. రెసిస్టెన్స్ మారితే ఆర్‌సీ టైమ్ (ఛార్జ్ నిండడానికి పట్టే సమయం) మారుతుంది, మీటర్‌లో కెపాసిటెన్స్ కూడా మారినట్టు కనిపిస్తుంది. ధ్రువణానికి దీంతో సంబంధం ఉండాల్సిన పనే లేదు. 2006లో కటలాన్ అనే శాస్త్రవేత్త ఈ లెక్కని తేల్చేశాడు. 2005లో ఎల్‌ఎన్‌ఎంఓకి పేరు తెచ్చినవి గది ఉష్ణోగ్రత దగ్గర్లో కనిపించిన ఈ మాగ్నెటోకెపాసిటెన్స్, మాగ్నెటోరెసిస్టెన్స్ రెండే కాబట్టి ఒకదాని వెనక ఇంకోటి ఉందా అని అనుమానించడం మన బాధ్యత.

చేయాల్సింది సులువు. పెల్లెట్‌ని సగం మందానికి అరగదీసి మళ్లీ కొలవండి. డైఎలెక్ట్రిక్ కాన్‌స్టెంట్ పదార్థానిదే అయితే మందంతో మారదు. సగానికి పడిపోతే అది కాంటాక్ట్ పొరదే. సిల్వర్ తుడిచి గోల్డ్ పూత వేసి (స్పటరింగ్) ఇంకోసారి. కొలిచే ముందు 120 డిగ్రీల దగ్గర గంట సేపు ఆరబెట్టండి, ఫర్నేస్ అన్న చెప్పిన వర్షం సంగతి నిజం.

ఫోనాన్_పద్మ · జూలై 10, ఉదయం 6:50

మీరందరూ కలిసి ఆ అమ్మాయి డ్రాఫ్ట్‌లో సగం చింపేశారు. ఆవిడ దగ్గరున్న అసలు బంగారం గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

లతా, ఆ 668 మోడ్ గురించి ఒక్కో ముక్కా చెప్తాను. అది నికెల్, మాంగనీస్ చుట్టూ ఉన్న ఆక్సిజన్ డబ్బా ఊపిరి పీల్చి వదిలినట్టు సాగే కదలిక. మామూలుగా ఏ స్ఫటికమైనా చల్లబడితే బంధాలు బిగుసుకుంటాయి, మోడ్ పైకి జరిగి, బాగా కింద ఉష్ణోగ్రతల్లో నిలకడగా ఉండిపోతుంది. దాన్ని అన్‌హార్మోనిక్ ఫార్ములాతో ఫిట్ చేస్తాం. నీ మోడ్ 280 దాకా బుద్ధిగా ఆ గీత మీద నడిచి, అక్కడి నుంచి కిందకి దిగిందంటే స్పిన్లు చేయి వేశాయన్నమాట.

ఎందుకో కుర్రాడి కోసం కూడా చెప్తాను. మాస్టారు చెప్పిన ఆ వంతెన గుర్తుందా? స్పిన్ల మధ్య పట్టు ఆ వంతెన పొడవు, కోణం మీద ఆధారపడుతుంది. ఆక్సిజన్ ఊగితే వంతెన ఊగుతుంది, పట్టు కూడా మారుతుంది. స్పిన్లన్నీ ఒకే దిక్కున నిలబడ్డాక ఆ పట్టు స్ప్రింగ్‌కి ఇంకో చిన్న స్ప్రింగ్ తగిలించినట్టు పనిచేస్తుంది, ఇక్కడ వదులు చేసేవైపు. అదే స్పిన్-ఫోనాన్ కప్లింగ్. 1999లో గ్రనాడో బృందం మాంగనైట్లలో చూపించిన లెక్క ప్రకారం, మోడ్ ఎంత జరిగిందో అది మాగ్నెటైజేషన్ వర్గానికి అనుపాతంలో ఉండాలి. నీ దగ్గర వీఎస్‌ఎం (అయస్కాంతత్వం కొలిచే యంత్రం) డేటా ఉంది, రామన్ డేటా ఉంది. రెండూ ఒకే గ్రాఫ్ మీద గీయి. ఒకదాని మీద ఒకటి కూర్చుంటే, పేపర్ అదే.

ముందు రెండు అనుమానాలు తీర్చుకో. లేజర్ పవర్ ఎంత? మన పెల్లెట్లు నల్లగా ఉంటాయి, వెలుతురంతా మింగి ఆ చుక్క దగ్గర వేడెక్కిపోతాయి. నీ థర్మామీటర్ 80 అంటుంటే చుక్క 130లో ఉండొచ్చు. రెండోది, ప్రతి ఉష్ణోగ్రతకీ సిలికాన్ 520.5 పీక్‌తో కాలిబ్రేట్ చేశావా?

తార్నాక_మాస్టారు · జూలై 10, ఉదయం 8:10

పద్మమ్మ చెప్పాక నేను కలిపేదేం లేదు. ఒక్కటి మాత్రం. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో ఆ ఎఫెక్ట్ కనిపెట్టిన రామన్ గారి బాల్యం మన విశాఖలో గడిచింది, తండ్రిగారు ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్. విషయానికి దీంతో సంబంధం లేదు, చెప్పకుండా ఉండలేక చెప్పాను.

లాంథనం_లత · జూలై 10, ఉదయం 8:40

పద్మక్కా, పవర్ 5 మిల్లీవాట్లు. సిలికాన్ పొద్దున ఒక్కసారే పెట్టాను. ఈ వారం మళ్లీ అన్నీ చేస్తాను. గైడ్ గారితో మాట్లాడటం ఒక్కటే టెన్షన్‌గా ఉంది.

ఫోనాన్_పద్మ · జూలై 10, ఉదయం 8:52

అర మిల్లీవాట్‌కి దించు. పీక్ రావడానికి పావుగంట పడుతుంది, పక్కన టీ తాగుతూ కూర్చో. గైడ్ గారి దగ్గరికి మాటలతో వెళ్లకు, మూడు వేగాల గ్రాఫ్ పట్టుకుని వెళ్లు.

కూకట్‌పల్లి_కుర్రాడు · జూలై 11, రాత్రి 10:30

మరి అసలైన మల్టీఫెర్రోయిక్ డబుల్ పెరావ్‌స్కైట్ ఏదీ లేదా? ఉంటే మన ఫోన్లలోకి ఎప్పుడొస్తుంది?

న్యూట్రాన్_నాని · జూలై 11, రాత్రి 11:05

ఉంది తమ్ముడూ. లత గారి ఫార్ములాలో లాంథనం తీసేసి బిస్మత్ పెట్టు. 2005లో జపాన్‌లో అజుమా బృందం చేసింది. దాన్ని చేయడానికి 6 గిగాపాస్కల్స్ ఒత్తిడి కావాలి, అంటే మనం పీల్చే గాలి ఒత్తిడికి సుమారు 60 వేల రెట్లు. 485 కెల్విన్ కింద ఫెర్రోఎలక్ట్రిక్, 140 కింద ఫెర్రోమాగ్నెట్.

లాంథనం చేయలేనిది బిస్మత్ ఎందుకు చేస్తుందంటే, ఇక్కడ ఒక పాత తగాదా ఉంది. బేరియం టైటనేట్ లాంటి ఫెర్రోఎలక్ట్రిక్‌లో టైటానియం పక్కకి జరగాలంటే దాని డీ-ఆర్బిటాళ్లు ఖాళీగా ఉంటే మేలు. అయస్కాంతత్వానికి అదే డీ-ఆర్బిటాళ్లలో ఎలక్ట్రాన్లు ఉండాలి. ఒక ఒరలో రెండు కత్తులు. అయస్కాంత ఫెర్రోఎలక్ట్రిక్‌లు ఇంత తక్కువ ఎందుకని 2000లో నికోలా హిల్ అడిగి, ఈ సమాధానమే రాసింది. ఇప్పుడు ఆవిడే నికోలా స్పాల్డిన్. బిస్మత్‌లో బంధంలో చేరని ఎలక్ట్రాన్ జంట ఒకటి ఒక పక్కకి పొడుచుకొస్తుంది, ధ్రువణం దాని పని. అయస్కాంతత్వం నికెల్, మాంగనీస్‌ల పని. రెండు కత్తులకి రెండు ఒరలు.

కానీ అలా వేరు చేశాక రెండూ ఒకదాన్నొకటి పెద్దగా పట్టించుకోవు, చూశావుగా, 485 ఎక్కడ 140 ఎక్కడ. ఫోన్ సంగతి మాత్రం ఆశ పెట్టుకోకు. వోల్టేజీతో అయస్కాంత బిట్ రాయగలిగితే కరెంట్ ఖర్చు బాగా తగ్గుతుంది, అందరి ఆశా అదే. దానికి ముందు వరసలో ఉన్నది 2003లో రమేష్ బృందం సన్నటి ఫిల్ములుగా పెంచిన బిస్మత్ ఫెర్రైట్, అది సింగిల్ పెరావ్‌స్కైట్. డబుల్ తరఫున బిస్మత్, ఇనుము, క్రోమియం కలిపిన పదార్థం ఉంది, 2015లో దాంతో 8.1 శాతం సామర్థ్యమున్న సోలార్ సెల్ చేశారు. నువ్వు మొదట అడిగిన సోలార్ సంగతి అలా తిరిగి తిరిగి నిజమైంది.

రివ్యూయర్2 · జూలై 11, రాత్రి 11:30

280 కెల్విన్ అంటే గది ఉష్ణోగ్రతే కదా, లత గారి శాంపిల్ నేరుగా డివైస్‌లో పెట్టొచ్చు.

తార్నాక_మాస్టారు · జూలై 12, ఉదయం 5:40

280 కెల్విన్ అంటే 7 డిగ్రీల సెల్సియస్ నాయనా. హైదరాబాద్‌లో జనవరి తెల్లవారుజామున కూడా అంత చలి అరుదు. డివైస్‌ని ఆదిలాబాద్‌లో సంక్రాంతి ముందర ఆన్ చేయాలి.

లాంథనం_లత · జూలై 19, రాత్రి 9:20

వారం పట్టింది, క్షమించండి. మధ్యలో ఒక రాత్రి కరెంట్ పోయి ఫర్నేస్ ఆగిపోయింది, ఒక బ్యాచ్ పాడైంది.

పైరో: నిమిషానికి 2 కెల్విన్లకి 188, 5కి 196, 10కి 203. పోలింగ్ 250 నుంచి మొదలుపెడితే పీక్ ఎత్తు సగానికన్నా తగ్గింది. 190 నుంచి 170కి దించితే గుర్తు మారలేదు. నాని గారూ, దొంగ దొరికాడు.

డైఎలెక్ట్రిక్: పెల్లెట్ సగానికి అరగదీస్తే 3200 కాస్తా 1750 అయింది. 50 కెల్విన్ దగ్గర 20 మాత్రం కదల్లేదు. గోల్డ్ వేస్తే గది ఉష్ణోగ్రత విలువ మళ్లీ మారింది. అన్ని ఫ్రీక్వెన్సీల్లో చూస్తే 4 శాతం 1 మెగాహెర్ట్జ్ దగ్గర దాదాపు మాయం.

రామన్: అర మిల్లీవాట్‌తో, ప్రతి ఉష్ణోగ్రతకీ సిలికాన్ పెట్టి తీశాను. వంపు పోలేదు! ఇంకా శుభ్రంగా వచ్చింది. 80 కెల్విన్ దగ్గర అన్‌హార్మోనిక్ గీత 671 దగ్గర ఉండాలంటే, నా పాయింట్ 665 దగ్గర ఉంది. మాగ్నెటైజేషన్ వర్గంతో గీస్తే 250 కింద రెండూ కలిసిపోయాయి. 280 పైన మాత్రం, మాగ్నెటైజేషన్ సున్నా అయ్యాక కూడా, 310 దాకా కొంచెం తేడా మిగిలింది. అక్కా, ఇది తప్పా?

ఫోనాన్_పద్మ · జూలై 19, రాత్రి 9:48

తప్పు కాదు, అదే నాకు నచ్చింది. ఆ జరుగుడు నిజానికి పక్క పక్క స్పిన్ల పొత్తుని కొలుస్తుంది. మొత్తం శాంపిల్‌లో క్రమం పోయాక కూడా పక్కింటివాళ్ల మధ్య స్నేహం కొంతదాకా మిగులుతుంది. మాగ్నెటైజేషన్ ఊరంతటి లెక్క కాబట్టి అది ముందే సున్నా అయింది. నీ 9 శాతం గడి తప్పడం కూడా ఆ తోకని సాగదీసి ఉండొచ్చు. ఆ రెండు వాక్యాలూ డిస్కషన్‌లో రాయి, ఎక్కువ చెప్పకు.

సర్క్యూట్_సుబ్బన్న · జూలై 19, రాత్రి 10:10

1750 అంటే సరిగ్గా సగం కాదు, కాబట్టి గ్రెయిన్ సరిహద్దుల వాటా కూడా కొంత ఉంది. ఇంపిడెన్స్ (వేర్వేరు ఫ్రీక్వెన్సీల్లో కరెంట్‌కి అడ్డు ఎంతో చూపే) డేటా ఉంటే నైక్విస్ట్ ప్లాట్ అనే గ్రాఫ్‌లో రెండు అర్ధవృత్తాలు విడదీయొచ్చు. పంపితే ఫిట్ చేసి ఇస్తాను.

రివ్యూయర్2 · జూలై 19, రాత్రి 10:33

సరే, నేను ఓడిపోయాను. గైడ్ గారు ఏమన్నారు?

లాంథనం_లత · జూలై 19, రాత్రి 10:50

గ్రాఫులు చూసి ఐదు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత 188, 196, 203 మీద పెన్సిల్‌తో గీత గీసి, "ఇది ముందే ఎందుకు తీయలేదు?" అన్నారు. ముందు తీయమని ఎవరూ చెప్పలేదని అనలేకపోయాను. టైటిల్‌లోంచి మల్టీఫెర్రోయిక్ పోయింది, స్పిన్-ఫోనాన్ వచ్చింది. పైరో మొత్తం సప్లిమెంటరీలోకి వెళ్లింది, టీఎస్‌డీసీ అని పేరు పెట్టి. న్యూట్రాన్ ప్రపోజల్ కూడా రాయమన్నారు.

వేడి_ఫర్నేస్ · జూలై 20, ఉదయం 7:05

అయితే ఐదు గ్రాముల కొత్త బ్యాచ్ చెయ్యాలె కదా చెల్లె. లాంథనం ఆక్సైడ్ ఆరబెట్టినవా?

లాంథనం_లత · జూలై 20, ఉదయం 7:30

రాత్రే 1000 డిగ్రీలకి పెట్టానన్నా. డెసికేటర్‌లో సిలికా జెల్ చూస్తే గులాబీ రంగులో ఉంది, అది కూడా తేమ తాగేసింది. ముందు దాన్ని ఓవెన్‌లో పెట్టి నీలం రంగు వచ్చేదాకా కూర్చున్నాను.